గీసి... చెరిపి... సినిమా తీశారు!

తెర మీద నీలాకాశం. అందులో సుడులు తిరుగుతున్న మబ్బులు, మిణుకుమనే చుక్కలు. వాటి కింద నిద్రపోతున్న ఓ చిన్న ఊరు. ఇదంతా కంప్యూటర్ మాయ అనుకుంటే పొరపాటే. మబ్బులూ చుక్కలే కాదు, మనుషులూ, రైళ్లూ, గోధుమచేలూ, కాకులూ... గంటన్నర సినిమాలో కనిపించే ప్రతిదీ కాన్వాసు మీద తైలవర్ణాలతో వేసిన బొమ్మే. 2017లో విడుదలైన ఆ సినిమా పేరు 'లవింగ్ విన్సెంట్'.

విన్సెంట్ అంటే ప్రఖ్యాత డచ్ చిత్రకారుడు వాన్ గో. 37 ఏళ్లకే, 1890లో ఫ్రాన్స్‌లోని ఓ పల్లెటూళ్లో తుపాకీ గాయంతో కన్నుమూశాడు. ఇవాళ కోట్లు పలికే ఆయన బొమ్మలను బతికుండగా కొన్నవాళ్లు దాదాపు లేరు. తమ్ముడు థియోకి మాత్రం ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు. అలా అందకుండా మిగిలిపోయిన ఒక ఉత్తరాన్ని చేరవేయడానికి బయల్దేరిన పోస్టుమాస్టరు కొడుకు కథే ఈ సినిమా. తీరా వెళ్తే థియో కూడా లేడు! అసలు విన్సెంట్‌కి ఏమైంది? ఆ కుర్రాడితోపాటు ప్రేక్షకుడూ వెతుకుతూ వెళ్తాడు.

ఇంతకీ ఈ ఆలోచన పోలండ్‌కి చెందిన చిత్రకారిణి డొరోటా కొబియెలాది. విన్సెంట్ ఉత్తరాలు చదివి, తనే బొమ్మలన్నీ వేసి చిన్న సినిమా తీద్దామనుకుంది. నిర్మాత హ్యూ వెల్చ్‌మన్ తోడవడంతో అది పూర్తి నిడివి చిత్రమైంది. ఇద్దరూ కలిసి దర్శకత్వం వహించారు.

ముందు నటీనటులతో మామూలుగానే సన్నివేశాలు చిత్రించారు. ఆ దృశ్యాలను కాన్వాసు మీద పడేలా చేసి, విన్సెంట్ శైలిలో రంగులు అద్దారు. సెకనుకి 12 బొమ్మలు కావాలి. ఒక బొమ్మ పూర్తవగానే ఫొటో తీయడం, కదలాల్సిన చోట రంగు గీకేసి మళ్లీ వేయడం, మళ్లీ ఫొటో... చెయ్యి పైకెత్తాలన్నా, కన్ను ఆర్పాలన్నా ఇదే తంతు! దీనికోసం ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన దరఖాస్తుల్లోంచి ఎంపికైన 125 మంది చిత్రకారులు వేసిన ఫ్రేములు సుమారు 65 వేలు. చివరికి మిగిలిన కాన్వాసులు మాత్రం దాదాపు వెయ్యే. తక్కినవన్నీ తర్వాతి బొమ్మ కింద కలిసిపోయాయి. తన చేతుల్తో వేసిన బొమ్మను తనే చెరిపేయడం ఏ చిత్రకారుడికైనా కష్టమే. అయినా చేశారు.

2018లో ఈ సినిమా ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగంలో ఆస్కార్‌కి నామినేట్ అయింది. ఆ దంపతులు ఇదే పద్ధతిలో తీసిన మరో చిత్రం 'ద పెజంట్స్' 2023లో వచ్చింది. అది తయారవుతుండగానే, 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. కీవ్‌లోని స్టూడియో మూతపడింది. కొందరు చిత్రకారిణులు పోలండ్‌కి వెళ్లి కుంచె పట్టారు. తర్వాత కీవ్ స్టూడియో మళ్లీ తెరుచుకుంటే, కరెంటు కోతలు! జనరేటర్ కోసం విరాళాలు సేకరించి మరీ పని కొనసాగించారు.

'ప్రేమతో, విన్సెంట్' అని ఉత్తరాల చివర సంతకం చేసేవాడాయన. ఆ చిత్రకారుడికి, శతాబ్దం దాటాక 125 మంది కలిసి రాసిన జవాబే ఈ సినిమా!