పెదవి మీద పుట్టుమచ్చ

ముప్పయ్యేళ్ళు మార్టూరు చుట్టుపట్ల బళ్ళలో పంతులుగిరీ వెలగబెట్టాను. ఏటా పదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి, నామినల్ రోల్సులో తలా రెండు పుట్టుమచ్చలు ఎక్కించే పని నా నెత్తినే పడేది. అలా వందల మచ్చలు చూశాను. అయినా వాటి సంగతి నాకేమీ తెలియదని మొన్న సంక్రాంతికి తేలింది.

మా మనుమరాలికి కింది పెదవి మీద మిరపగింజంత గోధుమరంగు మచ్చ. దాని సర్టిఫికెట్టులో మొదటి గుర్తు అదే. (మా ఊరు గుంటూరు జిల్లా నించి ప్రకాశానికీ, 2022లో బాపట్లకీ మారింది గాని, మచ్చ చోటు మారలేదు.) చిలకలూరిపేట నించి పిల్లను చూడవచ్చినవారిలో ఓ పెద్దావిడ, "అమ్మాయి బంగారమే. ఆ మచ్చొక్కటీ తీయించేస్తే సరి. పెదవి మీద మచ్చ నోటి దురుసు!" అంటూ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

వాళ్ళటు వెళ్ళారో లేదో, మా ఆవిడ సున్నమూ చాకలి సోడా కలిపి తెచ్చింది. పులిపిర్లు రాల్చే మందట. నేనూ చూస్తూ ఊరుకున్నాను.

మనుమరాలు హైదరాబాదులో మెడికల్ కోడింగు ఉద్యోగం చేస్తున్నది. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి ఒక్కో జబ్బుకూ ఒక అంకె వేయటం. ఆ అంకె సరిగా లేకపోతే అక్కడ బీమావాళ్ళు డబ్బు విదల్చరట. గిన్నె చూసి ఫక్కున నవ్వింది.

"ఇది కండను కాల్చేస్తుంది, నాయనమ్మా! తాతయ్యా, పెదవి మీది పుట్టుమచ్చకి డి 22.0. మరోరకం నిరపాయపు కంతయితే డి 10.0. మెలనోమా అనే కాన్సరయితే సి 43.0."

"మరి నీ దానికేదీ?"

నవ్వు ఆగిపోయింది. "డాక్టరు తేల్చి రాయందే వేయకూడదు. ఓపీ చీటీలో 'కావచ్చు' అని రాసినా ఆ జబ్బు అంకె వేయకూడదు."

ఊళ్ళో వాళ్ళందరి మచ్చలకూ అంకెలు వేసే పిల్ల తన మచ్చను ఒక్క డాక్టరుకూ చూపించుకోలేదు! పైగా ఈ ఏడాది కాస్త పెరిగినట్టుందని అప్పుడు బయటపెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మర్నాడే గుంటూరు వెళ్ళాం. డాక్టరమ్మ దీపమున్న భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది. రక్తం కారిందా? పుండయిందా? నోట్లోనూ వేళ్ళ మీదా మచ్చలున్నాయా? ఇంట్లో ఎవరికైనా పేగుల్లో కంతులున్నాయా? పెదవి మచ్చకీ పేగులకీ ఏమిటి సంబంధమని నేను తెల్లమొహం వేశాను. చిన్నతనంలో పెదవుల చుట్టూ గుంపుగా మచ్చలు లేచి, పేగుల్లో కంతులు పెరిగే వంశపారంపర్యపు జబ్బొకటి ఉందట. మాది ఒంటరి మచ్చ. అంచు సమంగా ఉంది, రంగూ ఒక్కటే.

"మామూలుదే అనిపిస్తోంది, మాష్టారూ. మారకుండా ఉంటే ముట్టుకోనక్కరలేదు. పెరిగిందంటున్నారు కనక మొత్తం తీసి పరీక్షకు పంపుదాం. సున్నం పెట్టి ఉంటే పరీక్షించటానికి ముక్కే మిగిలేది కాదు," అంది.

మత్తు సూది వేస్తే పెదవి ఉబ్బి అంచు తెలియదని, ముందే ఎర్రపెదవికీ చర్మానికీ మధ్య గీత మీద సిరా గుర్తు పెట్టింది. కుట్టు అక్కడ వెంట్రుకవాసి తప్పినా జన్మంతా కనబడుతుందట. నేను గోడకేసి తిరిగి కూచున్నాను.

రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ ఆ సున్నపుకాయ వంక చూడలేదు. వచ్చాక మనుమరాలు ముందు ఆఖరి పంక్తి చదివింది. "డి 22.0, తాతయ్యా!" అంటూ కుర్చీలో కూలబడింది.

నాలుగోనాడు చిలకలూరిపేట నించి ఫోను. మచ్చ తీయించారా అని పెద్దావిడే అడిగింది. మనుమరాలు ఫోను నా చేతిలోంచి లాక్కుని, "తీయించామండీ. నోరు మాత్రం అలాగే ఉంది," అంది.