ఆ మూత మనమూ ఎత్తొచ్చు

"ఫ్లష్ పనిచెయ్యట్లేదండీ, బకెట్‌తో నీళ్లు పోసేయండి." ఇంటికొచ్చిన చుట్టాలతో ఈ మాట అనని ఇల్లాలు మనలో ఎంతమంది ఉంటారు?

మా ఇంట్లో ఆర్నెల్లపాటు ఇదే పాట. ట్యాంకులోంచి బేసిన్‌లోకి రాత్రీపగలూ సన్నగా నీళ్లు కారుతుండేవి. మావారిని అడిగితే "ఆదివారం చూద్దాంలే" అనేవారు. ప్లంబరుకు ఫోన్ చేస్తే "రేపొస్తానమ్మా" అనేవాడు. ఆ ఆదివారమూ రాలేదు, ఆ రేపూ రాలేదు. చివరికి ట్యాంకు కింది కుళాయి కట్టేసి, పక్కన ఓ బకెట్ పెట్టుకున్నాం.

ఓ తెల్లవారుజామున మా అత్తయ్య ఆ బకెట్ ఎత్తబోయి జారిపడ్డారు. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. దెబ్బ పెద్దది కాదు గనక సరిపోయింది. లేకపోతే ఓ రబ్బరు ముక్క కోసం ఆవిడ మంచాన పడేవారు! ఆ రోజే నేను ట్యాంకు మూత ఎత్తాను. లోపల ఏముందనుకున్నారు? ఓ ప్లాస్టిక్ బంతి, దానికో కడ్డీ, మధ్యలో ఓ గొట్టం, అడుగున రబ్బరు వాషరు. కుక్కర్ గాస్కెట్ మార్చే చేతికి ఇదో లెక్కా?

ఈ కారడానికి ఎక్కువగా రెండే కారణాలు. ట్యాంకు నిండుతుంటే బంతి పైకి తేలి నీళ్లను ఆపేయాలి. ఆ వాల్వు అరిగినా, బంతి మరీ ఎత్తులో ఉన్నా నీళ్లు ఆగవు. మధ్య గొట్టంలోంచి బేసిన్‌లోకి పోతూనే ఉంటాయి. నీటిమట్టం గొట్టం అంచుకి ఓ అంగుళం కిందే ఆగాలి. కడ్డీకున్న మర తిప్పి బంతిని కాస్త దించితే చాలాసార్లు పని అయిపోతుంది. అప్పటికీ ఆగకపోతే వాల్వు మార్చాలి.

రెండోది అడుగు వాషరు. ఇది అరిగినా, బోరు నీళ్ల గార పట్టినా సరిగ్గా మూసుకోదు. అనుమానంగా ఉంటే ట్యాంకు నీళ్లలో మిఠాయి రంగు నాలుగు చుక్కలు వేసి, 20 నిమిషాలు ఫ్లష్ చెయ్యకుండా ఉండండి. నీటిమట్టం గొట్టం కంటే కిందే ఉన్నా బేసిన్‌లోకి రంగు దిగిందా, తప్పు ఆ వాషరుదే. కుళాయి కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చెయ్యండి. వాషరు తీసి, అది కూర్చునే చోట గారని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రబ్బరు గట్టిపడి ఉంటే ఆ పాతదాన్నే చేత్తో పట్టుకుని శానిటరీ కొట్టుకి వెళ్లండి. సైజుల్లో తేడాలుంటాయి, నోటితో చెబితే పొరపాటు పడతాం.

"సన్నగా కారే నీళ్లకి ఇంత హడావుడా?" అంటారేమో. నిమిషానికి అరగ్లాసు, అంటే 100 మిల్లీలీటర్లు పోతే రోజుకి 144 లీటర్లు. డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. అంటే ఇంట్లో కనిపించని మనిషొకరు మనకంటే ఎక్కువ నీళ్లు వాడేస్తున్నట్టే! నెలకి 4,320 లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకరు ఇంచుమించు ఖాళీ. ఎండాకాలం ఆ ట్యాంకరు కోసం బిందెలతో నిలబడేది ఎవరు? మనమే కదా!

నాకు అన్నిటికంటే విడ్డూరంగా తోచేది ఇంకొకటి. బేసిన్ కడగడం ఆడవాళ్ల పని. దాని పైనున్న ట్యాంకు మూత ఎత్తడం మాత్రం మగవాళ్ల పని! పైగా ట్యాంకులో ఉండేది మనం స్నానం చేసే నీళ్లే, మైలేమీ కాదు. మురికిని తోమడానికి పనికొచ్చే చెయ్యి మర తిప్పడానికి పనికిరాదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. మనమే అనుకుని ఊరుకున్నాం. మన అమ్మాయిలకి ముగ్గూ వంటా నేర్పాం గానీ పానా పట్టుకోవడం నేర్పలేదు. అబ్బాయిలకీ సరిగ్గా నేర్పలేదనుకోండి, అది వేరే సంగతి.

ప్లంబర్ల పొట్టకొట్టమని కాదు నేననేది. ట్యాంకు పగిలినా, గోడలోపల పైపు కారినా, కుళాయి బిగుసుకుపోయినా వాళ్లనే పిలవాలి. బలవంతం చేస్తే ఉన్నది ఊడుతుంది. కానీ వాషరు మార్చడానికి కూడా ఎవరో ఒకరి తీరిక కోసం నెలల తరబడి చూడాలా?

ఆ రోజు నాకు పట్టింది గంట. అందులో సగం కొట్టుకి వెళ్లి రావడానికే. సాయంత్రం మావారొచ్చి "ప్లంబరొచ్చాడా?" అని అడిగారు. మా అత్తయ్య నావైపు చెయ్యి చూపించి, "ఇదిగో, ఇంట్లోనే ఉంది" అన్నారు.

మీ ఇంట్లో ట్యాంకు కారుతోందా? ఆదివారం దాకా ఆగకండి. మూత ఎత్తి చూడండి.