ఇటలీవారి భోజనశాల – మన వంటయింటి దస్త్రము

బెంగుళూరులో మేము కాపురముండు వీధి మూలను ఒక చిన్న ఇటాలియను భోజనశాల ఉన్నది. పట్టుమని పది బల్లలు లేవు. బల్లలపై ఎఱ్ఱ గళ్ళ గుడ్డలు, గోడకొక నల్లబల్ల, దానిపై సుద్దతో వ్రాసిన నాటి వంటకముల పేర్లు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ చుట్టుపట్ల కుటుంబములే పిల్లాపాపలతో వచ్చి కూర్చుందురు. గొప్పవారి విందులకై కట్టినది కాదు. ఇటలీ దేశమున ఇట్టి పేట భోజనశాలను త్రత్తోరియా అందురు. మా మనుమని పండ్రెండవ పుట్టినరోజున వాని కోరికపై ఇంటిల్లిపాదియు అచటికి పోయితిమి.

నల్లబల్లపైనున్న ఒక పేరును మేము అక్షరములను బట్టి "గ్నోచి" అని చదివితిమి. ముప్పదియేండ్లకు పైగా ఆంగ్లమున ఉత్తరములు నడపిన గుమాస్తాలము గదా, తప్పు చదువుదుమా అని మా ధీమా. మనుమడు పకపక నవ్వి, "తాతా, గ్నోచి కాదు, న్యోక్కి అనాల!" అనెను. మాకు సిగ్గుకంటె సంతోషమే కలిగినది. పరాయి మాటను సరిగా పలుకవలెనను పట్టుదల పిల్లవానికి మంచి గుణమే.

అంతలో మా ఇల్లాలు, "పోయిన సంక్రాంతికి నేను చేసిన పప్పు రెండు మార్లు పెట్టించుకొని తింటివే, దాని పేరేమిరా?" అని అడిగినది. వాడు కొంతసేపు ఆలోచించి, "బీన్స్ కర్రీ కదా, అవ్వా?" అనెను.

అది పితికిన పప్పు. చలికాలమున అనపకాయలు ఒలిచి, గింజలను రాత్రియంతయు నీట నానవేసి, మరునాడు ఒక్కొక్క గింజను రెండు వ్రేళ్ళ నడుమ పట్టి పితికినచో తోలు చేతిలో మిగిలి పప్పు బయటికి జారును. ఇంటిలోని ఆడువారందరు ఒక జాము కూర్చుండినగాని ఒక పూట కూరకు చాలదు. మా ముత్తాతగారు పెనుకొండ ప్రాంతము విడిచి వచ్చునాడు తమతో తెచ్చుకొన్నవానిలో ఈ పప్పొకటి. ఇచ్చటి కన్నడిగులు దీనినే హితికిద బేళె అందురు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. అట్లే మన పితుకుట వారికి హితుకుట. ఒకే చేతి పని, రెండు నాలుకల మాట. ఇంత చరిత్ర గల వంటకము మా వంశాంకురమునకు "బీన్స్ కర్రీ" ఐనది. న్యోక్కికి ఉన్న గౌరవము దానికి లేకపోయినది.

ఇది చదివి మా ఈడు పెద్దలు కొందరు, "అందుకే పిల్లలను అట్టి చోట్లకు తీసికొనిపోరాదు" అని తలయూపుదురు. వారితో మేము ఏకీభవింపము. పరదేశపు తిండి మన తిండిని చెరచునను వాదము చరిత్ర ముందు నిలువదు. మన ఊరగాయకు ప్రాణమైన మిరపకాయ అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కోడగామా వచ్చిన తరువాత పోర్చుగీసువారి ఓడలలో ఈ దేశము చేరినది. అంతకు పూర్వము మన కారమంతయు మిరియములదే. ఇటలీవారి ప్రాణమైన టమాటాయు 1492 తరువాత ఆ ఖండమునుండియే ఐరోపాకు పోయినది. మన వంకాయ అరబ్బుల చేతులమీదుగా సిసిలీ ద్వీపము చేరి, నేడచట నోర్మా అను పాస్తాలో ముఖ్యపదార్థమై యున్నది. కన్నడ రాజ్యమునకు వచ్చిన శ్రీనాథుడు వెల్లుల్లియు నువ్వుల పిండియు తినవలసి వచ్చినదని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకొన్నట్లు ఆయన పేర నొక చాటువు ప్రసిద్ధము. నేడు వెల్లుల్లిని తెలుగువాడు పరాయిది అనునా?

కాని పూర్వులకును మనకును ఒక భేదమున్నది. క్రొత్త కాయ వచ్చినప్పుడు వారు దానికి తమ భాషలో పేరు పెట్టిరి. మిరియమును తలపించు మిరప వారి పేరే. టమాటాను రామములగ అన్న పెద్దలును ఉండిరి. వారు పరాయి వస్తువునకు తెలుగు పేరు పెట్టిరి. మనము తెలుగు వస్తువునకు పరాయి పేరు పెట్టుచున్నాము. మా తగవు ఇటలీవారితో కాదు, మనతోనే.

ఆ నల్లబల్లను మరల చూతము. దానిపై ఒక్క పేరైనను అనువదింపబడలేదు. స్పగెట్టి అనగా ఇటలీ భాషలో సన్నని పురికొసలు. వెర్మిచెల్లి అనగా చిన్న పురుగులు! అనువదించినచో తినువాడుండడు. అయినను వారు తమ పేరును మార్చుకొనలేదు. తినవచ్చినవాడే నోరు తిప్పుకొని నేర్చుకొనెను. ఎంతగా నేర్చుకొనెననగా, మనము మన సేమియా పొట్లమును సైతము "వర్మిసెల్లి" అని అడిగి కొనుచున్నాము. మన పాయసములోనికి వారి పురుగులు వచ్చినవి. మన సేమియా అంగడిలోనే నిలిచిపోయినది.

ఇక మన సంఘముల ఉగాది విందులను జూడుడు. మేము పాల్గొన్న ఒక విందున వడ్డనబల్లపై అట్టముక్కలు నిలిపిరి: "టామరిండ్ రైస్", "కర్డ్ రైస్", "స్వీట్ పొంగల్", "గోబీ మంచూరియన్". పులిహోర యని పలుకుటకు ఏ నాలుక అడ్డము వచ్చెను? వచ్చినవారందరు తెలుగువారే. వేదికపై తెలుగు తేనెయని పద్యములు, పంక్తిలో తెలుగు మాటకు అంటు. అడిగినచో కార్యకర్త యొకరు, "పిల్లలకు తెలియవలెను గదండీ" అనిరి. పిల్లలకు తెలియకపోవుటకు కారణము ఆ అట్టముక్కయే యని వారికి తోచలేదు. న్యోక్కి నేర్చుకొన్న పిల్లవాడు పులిహోర నేర్చుకొనలేడా?

"భాష యనగా కావ్యములు, పద్యములు, పప్పు పేరు పోయిన నేమి?" అని మరికొందరు పండితులు అడుగుదురు. ఆంధ్రదేశమున నుండువారికి ఆ మాట చెల్లును. మనకు చెల్లదు. మన పిల్లలకు బడి భాష కన్నడమో ఆంగ్లమో. అంగడి భాష, కచేరి భాష వేరు. తెలుగునకు రాజభాషాధికారము మిగిలిన కచేరి మన ఇండ్లలో వంటయిల్లొక్కటే. ఎసరు పెట్టుట, గంజి వార్చుట, తిరగమాత వేయుట, దంచుట, నూరుట, రుబ్బుట, పితుకుట, ఎనుపుట – ఈ క్రియలకు వేరుచోట పనిలేదు. వంటయింటిలో "గ్రైండ్ చేసి, ఫ్రై చేసి, మిక్స్ చేసి" అనుట మొదలిడిననాడు ఆ కచేరియు మూతపడినట్లే.

ఐనచో పేర్లు నిలుపుకొన్న చాలునా? చాలదు. దీనికిని ఇటలీవారి కథయే సాక్ష్యము. 1880 మొదలు 1924 వరకు నలువది లక్షలకు పైగా ఇటాలియనులు అమెరికాకు వలసపోయిరి. వారిలో పెక్కుమంది దక్షిణ ఇటలీ, సిసిలీ ప్రాంతముల పేదవారు. వారి వెల్లుల్లి వాసనను ఇరుగుపొరుగువారు ఎగతాళి చేసిరి. వారు వెఱవక తమ పేటలలో చిన్న చిన్న భోజనశాలలు తెరచి, తమ పేర్లతోనే వడ్డించిరి. ఎగతాళి చేసినవారే తరువాత వరుసకట్టి నిలిచిరి. ఇంతవరకు విజయమే. కాని రెండవ ప్రపంచయుద్ధ కాలమున, శత్రువుల భాషలు మాట్లాడవద్దని అమెరికాలో గోడపత్రికలు వెలసినవి. అందు ఇటాలియను భాషయు చేరినది. తల్లిదండ్రులు భయపడి పిల్లలతో ఆంగ్లమే మాట్లాడిరి. నేడు వారి మునిమనుమలలో అనేకులకు వంటకముల పేర్లు నోటికి వచ్చును. అవ్వతో నాలుగు మాటలాడ భాష రాదు. దస్త్రముపై చీటీ భద్రముగా నున్నది. లోపల కాగితములు లేవు.

వారిని బెదరించుటకు యుద్ధము వచ్చినది. మనలను ఎవరు బెదరించిరి? ఏ గోడపైన ఏ పత్రిక అంటించిరి? ఇరుగుపొరుగు కన్నడిగులు మా ఇంటి పితికిన పప్పునకు ప్రతియేడు గిన్నెలు పంపుచునే యున్నారు. మనకై మనమే చీటీని, కాగితములను రెంటిని పారవేసికొనుచున్నాము.

దీనికి మందు ఇటలీలోనే దొరకినది. పెల్లెగ్రీనో ఆర్తూసి యను నతడు 1820లో జన్మించెను. వంటవాడు కాడు, పండితుడు కాడు. పట్టు వర్తకము చేసి, విశ్రమించిన గృహస్థు. 1861లో ఇటలీ ఒక రాజ్యమైనను, ఊరికొక మాట, ఊరికొక వంటగా నుండెను. ఆర్తూసి ఆ వంటలను సేకరించి 1891లో తన ఖర్చుతోనే పుస్తకముగా అచ్చొత్తించెను. పుస్తకము చదివిన గృహిణులు తమ తమ ఊళ్ళనుండి వంటలను ఉత్తరములలో వ్రాసి పంపిరి. అతడు వానిని సరిచూచి కూర్పునకు కూర్పునకు చేర్చుచు వచ్చెను. మొదట 475 వంటలుండిన గ్రంథము 1911లో అతడు మరణించునాటికి 790 వంటల గ్రంథమైనది. ఇటలీవారి కిళ్ళకు ఒక ఉమ్మడి వంటయింటి భాష నిచ్చినది ఆ పుస్తకమే. ఒక్క విశేషము చెప్పెదము. ఫ్లారెన్సు నగరపు అంగడిలో ఒకప్పుడు వంకాయలు కానరాకుండెననియు, అవి యూదుల తిండి యని జనులు ఏవగించుకొనిరనియు అతడే వ్రాసెను. అల్పసంఖ్యాకుల తిండి యని త్రోసిన కాయకు ఆ పుస్తకమున పీట వేసెను. మనవంటివారు మరువరాని సంగతి యిది.

ఒక విశ్రాంత వర్తకుడు చేయగలిగిన పనిని మన సంఘములలోని ఇందరు విశ్రాంత గుమాస్తాలు చేయలేరా? తోరణములకు, శాలువలకు, ధ్వనివర్ధకములకు డబ్బు దొరకును. రెండు దస్తాల కాగితమునకు దొరకదా? డెబ్బదియేండ్లు దాటిన ప్రతి తల్లి దగ్గర కూర్చుండి ఆమె చెప్పినది ఆమె మాటలలోనే వ్రాసికొనుడు. "స్పూను" అనవలదు, ఆమె గరిటె అన్నచో గరిటెయే వ్రాయుడు. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపూరు, యానాము – ఒక్కొక్కచోట మన వంట ఒక్కొక్క పొరుగువారి చేయి పట్టి నడచినది. షోలాపూరి నేతవారి ఇండ్లలో వేరుసెనగ పొడికి ఏ మాట వాడుదురో షోలాపూరి అమ్మలే చెప్పవలెను. కలిసిన కన్నడమును, మరాఠీని, ఒడియాను ఏరి పారవేయవలదు. అదియు మన చరిత్రయే. ఆ తల్లులు మన కొఱకు వేచియుండరు. గత రెండేండ్లలో మా బంధువర్గముననే ముగ్గురు పెద్దమ్మలు కాలము చేసిరి. వారితో ఎన్ని పచ్చళ్ళు, ఎన్ని మాటలు పోయినవో ఏ దస్త్రమునను నమోదు కాలేదు.

పరోపదేశము సులభము గనుక మేము చేసినది చెప్పెదము. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకము తెరచితిమి. మొదటి పుటలో పితికిన పప్పు. చెప్పినది మా ఇల్లాలు, వ్రాసినది మనుమడు. వానికి తెలుగు అక్షరములు రావు. మాటలు తెలుగువి, లిపి కన్నడము. ఎదుటి పుటలో మేము తెలుగున నకలు తీయుచున్నాము. రెండు లిపులు అక్కచెల్లెండ్రు గనుక వాడే పోల్చి చూచుకొని అక్షరములు గుర్తుపట్టుచున్నాడు. ఇప్పటికి పదునొకండు వంటలైనవి. ఆ ఇటాలియను భోజనశాలకు మరల పోయితిమి, ఇకముందును పోదుము. న్యోక్కి మాకును రుచించినది.

సంఘముల పెద్దలకు మా విన్నపము: వచ్చు సంచికలో ప్రకటనల నడుమ ఒక పది పుటలు మీ ఊరి తల్లుల వంటలకు విడువుడు. వచ్చు ఉగాది విందున అట్టముక్కపై పులిహోర యని తెలుగున వ్రాయుడు. ఏమని అడిగిన పిల్లవానికి చెప్పుటకు ప్రక్కన ఒక అవ్వను కూర్చుండబెట్టుడు.