సూది పడితేనే వైద్యమా?

వానాకాలం వచ్చిందంటే బోథ్ చుట్టుపక్కల పల్లెల్లో జ్వరాలు మామూలే. మనవాళ్లు ముందు తావీజు కట్టిస్తారు. తగ్గకపోతే ఆర్.ఎం.పి. దగ్గరకు వెళతారు. అక్కడ సూది, సెలైన్ పడితేనే వైద్యం జరిగినట్టు లెక్క! రక్తపరీక్ష చేయించమన్న డాక్టరుకు మాత్రం హస్తవాసి లేదంటారు.

దుఆను మేము కాదనడం లేదు. కానీ వైద్యం చేయించుకోవచ్చా అని పల్లె అరబ్బులు అడిగితే, చేయించుకోమనీ, వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడనీ దైవప్రవక్త (స) చెప్పినట్టు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఇంగ్లీషు వైద్యం పరాయిదనే మాటా సరికాదు. 1846లో హైదరాబాద్‌లో వెలసిన వైద్య పాఠశాలలో తొలినాళ్లలో చదువు ఉర్దూలోనే సాగింది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లోనే.

ఆ మలేరియాలో ఫాల్సిపారం రకం మెదడుకెక్కితే రోజుల్లోనే ప్రాణం తీయగలదు. వైవాక్స్ రకం కాలేయంలో నక్కి, నెలల తరువాత తిరగబెడుతుంది. అందుకే దానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు. ఏ రకమో చెప్పేది రక్తపు చుక్కే, సూది కాదు. అయినా మూడోనాడు జ్వరం దిగగానే మిగిలిన మాత్రలు గూట్లో చేరతాయి. క్షయ సంగతి మరీ ఘోరం. మామూలుగా ఆరు నెలలు వాడాల్సిన మందును, ఆకలి పుట్టి ఒళ్లు తేరుకోగానే మానేస్తారు. అప్పుడు మందులకు లొంగని క్షయ తయారై ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. రంజాన్‌లో రోజా కోసం మందులు ఆపేవారూ ఉన్నారు. రోగికి సడలింపు దివ్య ఖుర్‌ఆన్‌లోనే (2:184) ఉంది కదా! చక్కెర జబ్బు ఉండి రోజా పాటించదలచినవారు షాబాన్‌లోనే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి.

తప్పంతా రోగులదేనా? ముఖమైనా చూడకుండా చీటీ రాసే డాక్టర్లకు బాధ్యత లేదా? ఉర్దూ తప్ప రాని నానీకి, గోండీ తప్ప రాని తల్లికి మందు వేసే పద్ధతి ఎవరు చెబుతున్నారు? ఆడ డాక్టరు లేదని జబ్బు దాచుకునే స్త్రీలు ఎందరో. ఆర్.ఎం.పి. అర్ధరాత్రి తలుపు తీస్తాడు, మన భాషలో పలకరిస్తాడు, డబ్బు తరువాత ఇమ్మంటాడు. జనం అతని దగ్గరకు పోవడంలో వింతేముంది? ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ వచ్చింది. భవనాలు వచ్చినంత త్వరగా నమ్మకం రాదు.

మస్జిద్ కమిటీలు ఈ వానాకాలంలో జుమా నమాజు తరువాత ఒక్క ప్రకటన చేయాలి: జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్తను పిలవండి, రక్తపరీక్ష చేయించండి, మాత్రలు ఆఖరిదాకా వేసుకోండి. సర్కారు దవాఖానాలో ఆడ డాక్టరు కోసం అర్జీ పెట్టాల్సిందీ ఆ కమిటీలే.