వెండితెర వేలంపాట: వంద వరహాలు, నాలుగు బొమ్మలు!



ఈ వారం కబుర్లు ఓ తమ్ముడి ఉత్తరంతో మొదలుపెడదాం. "అన్నయ్యా! క్రికెట్టులో మనకు నచ్చిన ఆటగాళ్లని ఏరుకుని సొంత టీము కట్టుకునే ఆట ఉంది కదా, సినిమాలకి అలాంటిది ఎందుకుండకూడదు? రాబోయే బొమ్మల్లో ఏది ఆడుతుంది, ఏది పోతుంది అని మా జట్టంతా రోజూ గొంతులు చించుకుంటూనే ఉన్నాం. ఆ గోలేదో ఓ పద్ధతి ప్రకారం చేసుకునే ఉపాయం చెబుదురూ!" అని రాశాడు.

భేషైన ప్రశ్న! ఈ తమ్ముడికి తెలియని సంగతేమంటే, ఈ ఆట మా ఇంట్లో రెండుసార్లు ఆడాం. మొదటి ఏడు అట్టర్ ఫ్లాపు, రెండో ఏడు సూపర్ హిట్టు. ఆ ఫ్లాపు కథ ముందు చెబితేగాని హిట్టు సంగతి మీకు ఒంటబట్టదు. అంచేత కాస్త ఓపిక పట్టండి.

అసలు ఇలాంటి ఆటలు ఇవాళ పుట్టినవి కావు. 1980లో అమెరికాలో డానియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులూ కలిసి బేస్‌బాల్ ఆటగాళ్లని ఉత్తుత్తి వేలంలో కొనుక్కునే ఆట ఒకటి మొదలుపెట్టారు. వాళ్లు కలుసుకుని భోంచేసే న్యూయార్క్ హోటలు పేరు మీద దానికి 'రొటిస్సెరీ' అని పేరొచ్చింది. 1996 వచ్చేసరికి సినిమాలకీ ఆ ముచ్చట అంటుకుంది. 'హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్' అని కంప్యూటర్ల మీద ఓ ఆట పెట్టి, రాబోయే సినిమాల షేర్లని ఉత్తుత్తి డబ్బుతో కొనడం, అమ్మడం మొదలుపెట్టారు. మనకైతే ఇవేవీ అక్కర్లేదు. ఓ నోటు పుస్తకం, ఓ పెన్సిలు, అయిదుగురు సినిమా పిచ్చివాళ్లు ఉంటే చాలు. మూడోదానికి మన దగ్గర కరువా!

ఇక మా ఇంటి కథకొస్తాను. 2023 సంక్రాంతి. జనవరి 12న బాలకృష్ణ 'వీరసింహారెడ్డి', 13న చిరంజీవి 'వాల్తేరు వీరయ్య'. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడూ, పక్కవీధిలో వాడి ప్రాణమిత్రుడూ చెరో హీరోకి వీరాభిమానులు. నేనే ఆట పెట్టాను. పెట్టిన రూలు ఒక్కటే: ఎవరి సినిమాకి ఎక్కువ కలెక్షను వస్తే వాడు గెలిచినట్టు. ఇంతకన్నా సులువైన రూలు ఉంటుందా అనుకున్నాను. నా బుర్రకి నేనే మొట్టికాయ వేసుకోవాలి!

వారం తిరక్కుండానే ఇద్దరూ చెరో అంకె పట్టుకొచ్చారు. ఒకడిది 'గ్రాసు', ఇంకొకడిది 'షేరు'. తెలియని తమ్ముళ్లకి ఒక్క ముక్క చెబుతాను. టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం సొమ్ము గ్రాసు. అందులోంచి ప్రభుత్వానికి కట్టే పన్ను తీసేస్తే నెట్టు. హాలువాళ్ల అద్దె, ఖర్చులూ పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి దక్కేది షేరు. మూడూ మూడు వేరే అంకెలు. పోస్టరు మీద పెద్దక్షరాల్లో మెరిసేది సాధారణంగా గ్రాసే. ఎందుకంటే అదే అన్నిటికన్నా లావుగా ఉంటుంది కనక! పైగా ఆ అంకెని సరిచూసుకునే దారి మీకూ నాకూ లేదు. పోస్టరు మీద అచ్చయిందే వేదం.

మా వాళ్లిద్దరూ వాదనలోంచి తిట్లలోకి, తిట్లలోంచి కాలరు పట్టుకునేదాకా వెళ్లారు. ఆ తర్వాత మాటల్లేవు. ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్లు ఏడాదిపాటు ఎదురుపడితే తలలు తిప్పుకునిపోయారు! అవతల ఆ రెండు సినిమాలూ తీసింది ఒకే నిర్మాణ సంస్థ. ఏది ఆడినా లాభం ఒకే ఇంటికి. స్నేహం పాడు చేసుకున్నది మాత్రం మా కుర్రాళ్లు. ఆ ఆట పెట్టింది నేనేనన్న బాధ నన్ను వదల్లేదు సుమా!

2023 డిసెంబరులో మా మేనకోడలు నోటు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఇంటర్ చదివే పిల్ల. "మామయ్యా! తప్పు అన్నయ్యది కాదు, ఆయనదీ కాదు. నీ రూలుది. ఎవరికీ కనపడని అంకె మీద ఆట పెడితే కొట్టుకోక ఏం చేస్తారు? అందరికీ కళ్లెదురుగా కనపడేదాని మీద పెట్టు" అంది.

కళ్లెదురుగా కనపడేదేమిటమ్మా అంటే, కిటికీలోంచి ఎదురుగోడ మీది వాల్‌పోస్టరు చూపించింది. నిజమే! ఏ శుక్రవారం మన ఊళ్లో ఏ హాల్లో ఏ బొమ్మ ఉందో గోడ చెబుతుంది, పేపరు చెబుతుంది, టిక్కెట్లు అమ్మే ఫోను యాప్ చెబుతుంది. దాని మీద తగవేముంటుంది? పూర్వం యాభై రోజులు, వంద రోజులు అని లెక్కపెట్టుకున్నది కూడా ఇదే కదా, బొమ్మ హాల్లో ఎన్నాళ్లు నిలిచిందని!

ఆ పిల్ల రాసిన రూల్సే ఇప్పుడు మీకు చెబుతున్నాను. కత్తిరించి దాచుకోండి.

ఒకటి: రాబోయే మూడు నెలల్లో తేదీ ప్రకటించిన సినిమాలన్నీ జాబితా రాయాలి. చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ. ఒక్కో ఆటగాడికి వంద వరహాలు, ఉత్తుత్తివే. వేలంపాట పాడి తలా నాలుగు సినిమాలు కొనాలి. ఒక్క సినిమా మీద యాభైకి మించి పెట్టరాదు.

వేలంలో ఉన్న మజా మీకు వేరే చెప్పాలా? ఊహించుకోండి. 1977 జనవరి 14. ఒకే రోజు, ఒకే మహాభారతం, రెండు బొమ్మలు. ఎన్టీఆర్ తానే దర్శకుడై మూడు వేషాలు కట్టిన 'దానవీరశూరకర్ణ' ఒకవైపు, కృష్ణ 'కురుక్షేత్రం' ఇంకోవైపు. ఆనాడు మీ చేతిలో వంద వరహాలు ఉంటే దేనికి ఎంతవరకు పాడతారు? దాదాపు నాలుగు గంటల బొమ్మని జనం కూర్చుని చూస్తారని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేవారా? చూశారు, విరగబడి చూశారు!

రెండు: పాయింట్లు. రిలీజు రోజున మీ ఊళ్లో ఎన్ని హాళ్లలో పడితే అన్ని పాయింట్లు. తర్వాతి శుక్రవారం ఇంకా నిలిచిన ప్రతి హాలుకీ రెండేసి, ఆ పై శుక్రవారం మూడేసి, నాలుగోసారి నాలుగేసి. అక్కడితో సరి. మల్టీప్లెక్సులో ఎన్ని తెరలున్నా ఒక్క హాలు కిందే లెక్క. మీ ఊళ్లో ఒక్క హాలే ఉంటే పక్క పట్నాన్ని తీసుకోండి.

లెక్క చూడండి. ఓ పెద్ద బొమ్మ ఆరు హాళ్లలో పడింది, ఆరు పాయింట్లు. రెండో వారం మూడు హాళ్లు, ఇంకో ఆరు. మూడో వారం ఒక్కటి, మూడు. నాలుగో వారం లేదు. వెరసి పదిహేను. ఓ చిన్న బొమ్మ ఒక్క హాల్లో పడింది, ఒకటి. నోటి మాట పాకి రెండో వారం రెండు హాళ్లు, నాలుగు. మూడో వారం మూడు, తొమ్మిది. నాలుగో వారం రెండు, ఎనిమిది. వెరసి ఇరవై రెండు! యాభై వరహాలు పోసినవాడు దిగాలుపడి చూస్తుంటే, ఆరు వరహాలకి కొన్నవాడు కాలరెగరేస్తాడు.

ఇలా జరుగుతుందా అనకండి. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' వచ్చినప్పుడు అందులో పేరుమోసిన హీరో ఏడీ? మొదట్లో హాళ్లు పల్చగానే ఉన్నాయి. తర్వాతి కథ మీ అమ్మానాన్నలనడగండి. 2023 మార్చి 3న వచ్చిన 'బలగం' సంగతి మీకే తెలుసు. హాస్యనటుడిగా తెలిసిన వేణు యెల్దండి డైరెక్టు చేసిన చిన్న సినిమా. పల్లెల్లో తెర కట్టుకుని ఊరుమ్మడిగా కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. ఇలాంటివి వేలంలో ఎవరికి దొరుకుతాయి? పోస్టరు మీద హీరో పేరు మాత్రమే కాక దర్శకుడి పేరు, రచయిత పేరు కూడా చదివేవాడికి.

మూడు: వాయిదా. మన సినిమాల తేదీలు రాతి మీద చెక్కినవి కావు కదా! 'ఆర్ఆర్ఆర్' మొదట 2020 జులై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8, ఆ పైన అక్టోబరు 13, మళ్లీ 2022 జనవరి 7. చివరికి తెర మీదికొచ్చింది 2022 మార్చి 25న. మధ్యలో కరోనా మహమ్మారి ఒకటి. 'పుష్ప 2' కూడా 2024 ఆగస్టు 15 అన్నది డిసెంబరు 5కి వెళ్లింది. అంచేత మీరు కొన్న సినిమా మూడు నెలల గడువు దాటిపోతే సగం వరహాలు వెనక్కి. నెలన్నర తర్వాత పెట్టే రెండో వేలంలో వాటితో ఇంకోటి కొనుక్కోవచ్చు. షూటింగు ఎంతవరకొచ్చింది, సెన్సారు అయిందా అని ఆరా తీసి కొనేవాడిదే తెలివి.

నాలుగు: మీరు కొన్న నాలుగింటిలో ఒకటి తప్పనిసరిగా పేరున్న హీరో లేని సినిమా అయి ఉండాలి. దాన్ని హాలుకెళ్లి చూడాలి, ఆటలో ఉన్న ఇంకొకర్ని వెంట తీసుకెళ్లాలి. లేకపోతే దాని పాయింట్లు చెల్లవు.

అయిదు: డబ్బు ఊసెత్తరాదు. ఓడినవాడు అందరికీ టీ, మిరపకాయ బజ్జీలు ఇప్పించవచ్చు, అంతవరకే. పందెం పైసలు కనపడితే అది ఆట కాదు, జూదం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో కేంద్రం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని అడ్డుకుంటూ చట్టాలు తెచ్చాయంటే ఊరికే కాదు. ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

సరే, 2024 సంక్రాంతికి ఈ రూల్సుతో మళ్లీ పెట్టాం. "నువ్వు రాకపోతే ఆటే లేదు" అని మా మేనకోడలు పక్కవీధి అబ్బాయినీ లాక్కొచ్చింది. వాడొకమూల, మావాడొకమూల! మేనల్లుడు 'గుంటూరు కారం' మీద యాభై వరహాలూ పోసేశాడు. పక్కవీధి వీరుడు 'నా సామిరంగ' పట్టుకున్నాడు. 'ఈగల్' కొన్నవాణ్ని నేనే, అది సంక్రాంతి నుంచి ఫిబ్రవరి 9కి జరిగింది. నా అదృష్టం అలా ఏడ్చింది. మా పిల్ల పన్నెండు వరహాలకి 'హనుమాన్' పాడేసి నోరు మెదపకుండా కూర్చుంది. జనవరి 12న రెండూ వచ్చాయి. తొలి రోజు జోరు 'గుంటూరు కారం'దే. కానీ శుక్రవారం తర్వాత శుక్రవారం గోడల మీద పోస్టర్లు మారుతుంటే నిలబడింది తేజ సజ్జా బొమ్మ. ఆట ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు కదూ!

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ గెలుపు కాదు. నాలుగో రూలు ప్రకారం మేనల్లుడి వాటాకి ఓ బుల్లి సినిమా వచ్చింది. పేరు చెప్పను. వెంట ఎవరో ఒకరు వెళ్లాలి. మాకెవరికీ ఆ రోజు కుదర్లేదు. మిగిలింది పక్కవీధి అబ్బాయి ఒక్కడే! మొహాలు మాడ్చుకుని సెకండు షోకి బయల్దేరారు. హాల్లో పట్టుమని ఇరవైమంది లేరట.

రాత్రి ఒంటిగంట దాటాక వీధిలో కేకలు. కొంప మునిగింది, మళ్లీ కొట్టుకుంటున్నారని లుంగీ ఎగ్గట్టి పరిగెత్తాను. అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. "ఆ తండ్రి చివర్లో అలా మాట్లాడకుండా ఉండాల్సిందిరా" అని వీడు, "మాట్లాడకపోతే కథేముందిరా" అని వాడు! గ్రాసు లేదు, షేరు లేదు, మా హీరో మీ హీరో లేదు. తెల్లవారుజామున మా అక్కయ్య కాఫీ ఇచ్చి పంపిస్తేగాని వాడు ఇంటికి పోలేదు.

తర్వాతి శుక్రవారం ఆ బొమ్మ ఎత్తేశారు. ఒకే ఒక్క పాయింటు. మేనల్లుడు ఎదురుగోడ మీద కొత్త పోస్టరు అంటిస్తున్నవాణ్ని చూస్తూ, "మంచి సినిమా మామయ్యా, అన్యాయంగా తీసేశారు" అన్నాడు. తన హీరోది కాని సినిమా గురించి వాడి నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఇదీ సంగతి, తమ్ముడూ! ఆట పెట్టుకోండి. వేలం పాడుకోండి. కానీ రూలు రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించుకోండి. అంకె కోసం ఆడితే కాలర్లు చిరుగుతాయి. బొమ్మ కోసం ఆడితే అరుగు మీద కాఫీ దొరుకుతుంది. మీ జట్టు వేలంలో ఏ సినిమా ఎన్ని వరహాలు పలికిందో ఉత్తరం రాయండి. అన్నట్టు, మీ నాలుగో రూలు సినిమా ఏమిటో రాయడం మర్చిపోకండేం!

వచ్చే వారం మళ్లీ కబుర్లాడుకుందాం. అందాకా సెలవు.