ఇల్లు చూసి ఇల్లాలిని చూడాలి

బొమ్మల్లో ఇళ్లు చూసి మనసు పారేసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. మిగతా ఆడవాళ్లు చీరల దుకాణం ముందు ఆగిపోతే, నేను ఇళ్ల ఫోటోలున్న పుస్తకం దగ్గర ఆగిపోతాను. అందులోనూ ఆ ఉత్తరాన ఉన్న స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశాల ఇళ్లంటే మరీ మోజు. తెల్లటి గోడలు, లేతరంగు చెక్క బల్లలు, కిటికీలో ఒక పూలకుండీ, గదినిండా వెలుతురు! మేకుకు వేలాడే చొక్కా గాని, బీరువా మీద పేర్చిన ట్రంకు పెట్టెలు గాని మచ్చుకైనా కనబడవు. ఒకసారి మా అత్తగారికి ఆ ఫోటోలు చూపిస్తే, అన్నీ శ్రద్ధగా తిరగేసి, “బాగానే ఉన్నాయి గాని, వీళ్లు బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారే?” అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

రెండేళ్ల కిందట మా ఇంటికి మరమ్మతులు పెట్టుకున్నాం. ఇదే అదననుకుని నేను పట్టుబట్టి హాలంతా తెల్లరంగు వేయించాను. తుడిస్తే అద్దంలా మెరిసే ఎర్ర గచ్చు తవ్వించి తెల్ల టైల్స్ పరిపించాను. పొట్టి కాళ్ల సోఫాలు కొనిపించాను. అన్నీ కుదిరాయి గాని, ఒక్క వస్తువు మాత్రం కుదరలేదు. అది మా అత్తగారి పడక కుర్చీ. టేకు చట్రానికి చారల గుడ్డ తగిలించిన ఆ కుర్చీ నలభై ఏళ్లుగా వీధి కిటికీ పక్కనే ఉండేది. కొత్త హాల్లో అది దిష్టిబొమ్మలా కనబడింది నా కంటికి. తీయించి వెనక వసారాలో వేయించాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. కుర్చీ వెంట ఆవిడ కూడా వెనక వసారాలోకి వెళ్లిపోయారు.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, కిందటి జూన్‌లో ఆ దేశపు ఇళ్లను కళ్లారా చూసే అదృష్టం నాకు పట్టింది. మా చెల్లెలి కూతురు పద్మకు స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం. “దొడ్డమ్మా, ఎన్నాళ్లు బొమ్మలు చూస్తావు? వచ్చి ఇళ్లే చూడు” అని పట్టుకెళ్లింది.

పద్మ ఉంటున్నది రెండు గదుల అద్దె ఇల్లు. తలుపు తీయగానే, చెప్పొద్దూ, నేను ఫోటోల్లో చూసిన గదే! గుమ్మంలోనే నిలబడిపోయాను. కాని భోజనాల బల్ల మీద ఒక దీపం తలకు తగిలేటంత కిందికి వేలాడుతోంది. “ఇదేమిటే, ఇంత కిందికి కట్టారు?” అన్నాను. పద్మ నవ్వి, నన్ను కూర్చోబెట్టి, దీపం వెలిగించింది. ఎటునుంచి చూసినా బల్బు కంటికి కనబడదు. వెలుగు మాత్రం బల్లమీదికి, కూర్చున్నవాళ్ల ముఖాలమీదికి వెన్నెలలా దిగుతోంది. ఇలాంటి దీపాలకు పేరు తెచ్చినవాడు పౌల్ హెన్నింగ్‌సెన్ (1894–1967) అనే డెన్మార్క్ వాస్తుశిల్పి. కిరసనాయిలు దీపాల మెత్తటి వెలుగులో పెరిగినవాడాయన. కరెంటు దీపం కళ్లు జిగేలుమనిపించడం ఆయనకు నచ్చలేదు. లెక్కలు కట్టి, ఒకదానికింద ఒకటి మూడు గొడుగుల్లాంటి రేకులు అమర్చి, 1926లో ఆ దీపాన్ని బజారులోకి తెచ్చాడు.

ఆ రాత్రి పది గంటలకు కూడా బయట వెలుతురు పోలేదు. “ఇంత వెలుగుండగా ఇంకా తెల్లగోడలూ దీపాలూ ఎందుకే?” అని అడిగాను.

“డిసెంబరులో వచ్చి చూడు, దొడ్డమ్మా. మధ్యాహ్నం మూడు కాకుండానే చీకటి పడుతుంది. పగలు మొత్తం ఆరు గంటలు. అప్పుడు తెలుస్తుంది తెల్లగోడ విలువ.”

నాకు చటుక్కున ఏదో తట్టింది. మనం ఎండ ఎక్కువై కిటికీలకు వట్టివేళ్ల తడికలు కడతాం. వీళ్లు ఎండ చాలక, లోపలికొచ్చిన ఆ కాస్త వెలుగూ వృథా కాకుండా గోడలకు తెలుపు వేస్తారు. మనకు ముచ్చటగా కనబడేది వాళ్లకు అవసరం. మరి మే నెలలో మా తెల్ల హాల్లోకి ఎండ పడితే కళ్లు తెరవలేకపోవడంలో వింతేముంది?

ఆ తర్వాత నాలుగు రోజులకు రైలెక్కి ఫాలున్ అనే ఊరు, అక్కడినుంచి బస్సులో సుండ్‌బోర్న్ అనే పల్లె చేరాం. పల్లెలో ఏటి ఒడ్డున ఎర్రరంగు వేసిన చెక్క ఇల్లొకటి ఉంది. పేరు లిల్లా హిట్నాస్. స్వీడన్ ఇళ్లు ఇలా ఉంటాయని లోకమంతటికీ చెప్పిన ఇల్లు ఇదేనంటే అతిశయోక్తి కాదు.

కార్ల్ లార్సన్ (1853–1919) అనే చిత్రకారుడిదీ ఇల్లు. స్టాక్‌హోమ్‌లో కటిక దరిద్రంలో పుట్టి, తండ్రి ఆదరణ ఎరగకుండా మురికి గదుల్లో పెరిగినవాడు. ఫ్రాన్సులో చిత్రకారులు గుమిగూడే ఒక పల్లెలో కారిన్ పరిచయమైంది. 1883లో పెళ్లి చేసుకున్నారు. 1888లో కారిన్ తండ్రి వాళ్లకు ఈ చిన్న ఇల్లు ఇచ్చాడు. ఎనిమిదిమంది పిల్లలు పుట్టారు, ఒక బిడ్డ పసికందుగానే పోయాడు. సంసారం పెరిగినకొద్దీ ఇంటికి ఒక్కొక్క గదీ తగిలిస్తూ పోయారు. 1894లో వేసవంతా వాన పట్టుకుని, బయట బొమ్మలు వేసే వీలులేక కార్ల్ చిరాకు పడుతుంటే, “ఈ గదులే వేయరాదూ?” అని భార్య సలహా ఇచ్చిందని చెబుతారు. అలా వేసిన ఇరవైనాలుగు నీటిరంగుల బొమ్మలతో 1899లో ‘ఒక ఇల్లు’ అనే పుస్తకం వచ్చింది. ఆ బొమ్మలు ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోని జాతీయ చిత్రశాలలో ఉన్నాయి. ఎండ పడే ఇల్లు ఎరగకుండా పెరిగినవాడు తన పిల్లలకోసం ఎండ నిండిన ఇల్లు కట్టుకుని, దాన్నే బొమ్మలు వేసి లోకానికి పంచాడు.

ఇల్లు చూపించే అమ్మాయి వెంట మేం ఒక్కొక్క గదే చూస్తూ వెళ్లాం. కూర్చునే గదిలో కిటికీ దగ్గర నేల కాస్త ఎత్తు చేసి, అచ్చం మన అరుగులా కట్టారు. పాతకాలపు కుర్చీలకు తెల్లరంగు వేసి, నీలం తెలుపు చారల గుడ్డ తొడుగులు వేశారు. నేలమీద పాతగుడ్డల పేలికలతో నేసిన తివాచీలు. మన అమ్మమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టలేదూ, అలాంటి పొదుపే! ఆ రోజుల్లో కలిగిన వాళ్ల ఇళ్లలో నల్లటి సామాను, బరువైన మఖమలు తెరలు ఉండేవి. ఇక్కడ కిటికీలకు అలాంటి తెరలే లేవు, పూలకుండీల వరస తప్ప. భోజనాల గది మాత్రం తెల్లన కాదు, గాఢమైన ఎరుపూ ఆకుపచ్చా! “స్వీడన్ ఇల్లంటే తెలుపే” అనుకుని వెళ్లిన నాకు అక్కడ మొదటి చెంపదెబ్బ తగిలింది.

రెండోది ఆ బొమ్మలు గుర్తు తెచ్చుకున్నప్పుడు. నేను ఇష్టపడే ఫోటోల్లో మనుషులుండరు. కార్ల్ లార్సన్ బొమ్మల్లో మనుషులే! ఒక బొమ్మలో అందమైన గది మూల శిక్ష అనుభవిస్తూ ముఖం మాడ్చుకున్న పిల్లవాడు. ఇంకొకదానిలో కిటికీలోని కుండీలకు నీళ్లు పోస్తున్న పిల్ల. గది ఒక ఎత్తు, ఆ గదిలో మసలే మనిషి ఒక ఎత్తు అన్నట్టుగా వేశాడాయన.

అయితే ఈ తివాచీలు, తెరలు, దిండ్లు, బల్లమీది గుడ్డలు ఎవరివి? కారిన్‌వి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని మనవాళ్లు ఊరికే అన్నారా? ఆమె (1859–1928) కూడా స్టాక్‌హోమ్‌లోనూ పారిస్‌లోనూ చిత్రలేఖనం నేర్చిన మనిషే. పెళ్లయ్యాక కుంచె పక్కన పెట్టేసి, మగ్గమూ సూదీ పట్టుకుంది. భోజనాల గది గోడకు వేలాడే నేతబొమ్మ ఆమెదే. తన గదికీ భర్త గదికీ మధ్య తలుపు బదులు తగిలించిన తెర కూడా ఆమె చేతి పనే. కుర్చీలూ బల్లలూ కూడా తనే ఊహించి వడ్రంగులచేత చేయించేది. ఆమె గీసిచ్చిన ఊగే కుర్చీ ఒకటి 1906 నాటిది. ఏ నగిషీ లేకుండా బోడిగా ఉన్న ఆ కుర్చీ చూసి, చేసిన వడ్రంగికే సిగ్గేసిందట. పదిమంది కంటా పడకుండా రాత్రిపూట తెచ్చి దించి వెళ్లాడని ఒక కథ చెబుతారు. ఈనాడు అదే కుర్చీని జనం పడిపడి చూస్తున్నారు!

ఆ కథ విని అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను గాని నవ్వు రాలేదు. సిగ్గుపడి చాటుగా దాచిన కుర్చీ మా ఇంట్లో కూడా ఒకటుంది.

కారిన్ తన పని గురించి ఎక్కడా చెప్పుకోలేదు. కీర్తంతా చాలాకాలం భర్తకే దక్కింది. 1997లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంవారు పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేసి, స్వీడన్ శైలిని సృష్టించినవారు ఈ ఇద్దరూ అన్నారు. అప్పటికి ఆమె పోయి అరవైతొమ్మిదేళ్లు.

బయటికి వచ్చాక ఇంటి ఎర్రరంగు గురించి అడిగాను. ఫాలున్‌లో వెయ్యేళ్ల చరిత్ర ఉన్న రాగి గని ఉండేది. 1992లో మూసేశారు. రాగి తీయగా మిగిలిన ఎర్రమట్టిని నీళ్లు, రై అనే ధాన్యం పిండి, అవిసె నూనెతో ఉడికించి ఈ రంగు చేస్తారట. చెక్కకు అందం, పైగా రక్షణ. మన పల్లెల్లో మట్టిగోడలకు జాజు పూయడం గుర్తుకొచ్చింది. ఎవరి కాలికింద ఉన్న మట్టి వాళ్ల గోడకు రంగైంది!

తిరుగు రైల్లో పద్మ అంది: “అది పదిమంది తిరిగే ఇల్లు. ఒకే గది ఇల్లు సంగతి చెప్పనా, దొడ్డమ్మా?”

మూమిన్ కథలు రాసిన తూవె యాన్సన్ (1914–2001) సంగతి అది. ఫిన్లాండ్ దేశస్థురాలు, స్వీడిష్‌లో రాసింది. తన యాభయ్యో ఏట, 1964లో, జీవిత సహచరి, చిత్రకారిణి తూలిక్కి పియెతిలాతో కలిసి ఫిన్లాండ్ సింధుశాఖలో క్లోవ్‌హారు అనే రాతి దీవి మీద ఇల్లు కట్టడం మొదలుపెట్టింది. మరుసటి ఏటికి పూర్తయింది. చెట్టూ చేమా అంతగా లేని బండ. ఇల్లంటే ఒకే గది. కరెంటు లేదు, కొళాయి లేదు. కాని నాలుగు దిక్కులకూ నాలుగు కిటికీలు! ఏ వైపునుంచి తుఫాను వస్తున్నా, పడవ వస్తున్నా కనబడాలని. చుట్టాలొస్తే గది వాళ్లకిచ్చి, తాము బయట గుడారంలో పడుకునేవారట. తూవె తల్లి కూడా వచ్చి ఉండేది. ఇంచుమించు ముప్పై వేసవులు అలా గడిపి, వయసు మీదపడి సముద్రమంటే భయం మొదలయ్యాక, 1990ల తొలినాళ్లలో ఆ దీవి వదిలి వచ్చేశారు.

ఆ గదిలో ఏ అలంకరణ ఉంది చెప్పండి! అయినా ఆ నాలుగు కిటికీల ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. సముద్రం చూడాలనుకున్నవాళ్లు సముద్రం కనబడేలా కట్టుకున్నారు. పిల్లలున్నవాళ్లు పిల్లలు తిరిగేలా కట్టుకున్నారు. చీకటి దేశంవాళ్లు వెలుగు నిలిచేలా కట్టుకున్నారు. నేను మాత్రం, మా ఇంట్లో ఎవరున్నారో ఒకసారి లెక్క చూసుకోకుండా, ఎవరి ఇంటి తెలుపో తెచ్చి మా హాలుకు పూసుకున్నాను.

ఊరు చేరిన మర్నాడే పనివాడిని పిలిచి పడక కుర్చీ తెప్పించి, వీధి కిటికీ పక్కన పాత చోటనే వేయించాను. అత్తగారు వెంటనే వచ్చి కూర్చోలేదు సుమండీ! గుమ్మం దగ్గర నిలబడి, “ఎందుకే, నీ హాలు పాడవుతుంది” అన్నారు. “పాడవనివ్వండి” అన్నాను. కూర్చున్నారు. కూర్చుని రెండు నిమిషాలైనా కాలేదు, “ఈ తెలుపు కళ్లు పొడుస్తోంది. కిటికీకి తడిక కట్టించు” అన్నారు. కట్టించాను. ఇప్పుడు పాలవాడూ, కూరలమ్మీ, బడికెళ్లే పిల్లలూ మళ్లీ ఆ కిటికీ దగ్గర ఆగి రెండు మాటలు మాట్లాడి పోతున్నారు. ఎనభైనాలుగేళ్ల మనిషికి అది ఎంత పెద్ద లోకమో నాకిప్పుడు తెలుస్తోంది. గచ్చు మాత్రం తిరిగి రాలేదు. ఆ తెల్ల టైల్స్ తుడిచినప్పుడల్లా నా తొందరపాటు గుర్తొస్తూనే ఉంటుంది.

అన్నట్టు, ఆవిడ అడిగిన ప్రశ్నకు కూడా జవాబు తెచ్చాను. పద్మ ఉంటున్న చోట కింది అంతస్తులో బట్టలుతికి ఆరబెట్టుకోవడానికి ఒక ఉమ్మడి గది ఉంది. అద్దెవాళ్లంతా ముందుగా వంతులు రాసుకుని వాడుకోవాలి.

అత్తగారు తడిక సందులోంచి వీధిలోకి చూస్తూ, “ఓస్, అంతేనా! మన నూతి దగ్గర వంతుల్లాగే” అన్నారు.