కీ ఊడొచ్చిందని వాచీని పక్కన పడేయకండి

మొన్న తాతయ్య పాత వాచీకి కీ ఇస్తుంటే, ఆ కీ కాస్తా లోపలి పుల్లతో సహా నా చేతికొచ్చేసింది. ఒక షాపులో చూపిస్తే "ఇంకేం పనికొస్తుంది బాబూ, షోకేసులో పెట్టుకో" అన్నారు. నేనైతే ఒప్పుకోను. కీ ఊడితే వాచీ పోయినట్టు కాదు, ఎర్రర్ మెసేజ్ ఇచ్చినట్టు.

ఆ పుల్లని స్టెమ్ అంటారు. దాని మీద వైండింగ్ పినియన్, పక్కనే అటూ ఇటూ జరిగే క్లచ్ ఉంటాయి. కీ లోపలికి నొక్కి ఉన్నప్పుడు క్లచ్ పినియన్‌ని పట్టుకుంటుంది, తిప్పితే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. కీ బయటికి లాగితే సెట్టింగ్ లివర్ కదిలి యోక్‌ని తోస్తుంది. యోక్ వెళ్లి క్లచ్‌ని ముళ్లు తిప్పే చక్రాల వైపు జరుపుతుంది. అంతే, రెండే స్టేట్స్. మన కోడ్‌లో ఒక ఇఫ్, ఒక ఎల్స్.

అందుకే లక్షణాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు పట్టేయొచ్చు:

- కీ మొత్తం ఊడొస్తే: సెట్టింగ్ లివర్ స్క్రూ వదులై ఉంటుంది, లేదా లివర్ మొన అరిగి స్టెమ్ మీది గాడిని పట్టుకోవట్లేదు.
- బయటికి లాగినా నిలవకుండా లోపలికి జారిపోతే: లివర్‌ని ఆపి ఉంచే స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు.
- కీ లోపలికి నొక్కి తిప్పినా ముళ్లే తిరుగుతుంటే: క్లచ్ వెనక్కి రావట్లేదు. యోక్ స్ప్రింగ్ చూడాలి.
- టిక్ టిక్ వినిపిస్తున్నా ముళ్లు నడవకపోతే: స్టెమ్‌ది తప్పు కాదు, క్యానన్ పినియన్ వదులైంది.

ఇదంతా నాకు ముందే తెలుసనుకోకండి. నా వాచీలో స్క్రూ వదులైందంతే. స్టెమ్ లోపల పెట్టి స్క్రూ బిగిస్తే సరిపోయేది. నేను కంగారులో ఇంకా వదులు చేశాను. లివర్ విడిపోయి డయల్ కిందికి జారిపోయింది. ఇక ముళ్లు, డయల్ తీస్తే గానీ దాన్ని మళ్లీ పెట్టలేం. ఐదు నిమిషాల పనికి రెండు వీకెండ్లు పోయాయి. డీబగ్ చేయకుండా ప్రొడక్షన్‌లో చెయ్యి పెడితే ఏమవుతుందో ఆఫీసులో చూసి కూడా బుద్ధి రాలేదు.

అయినా వాచీ బతికింది. ఒక్క కొత్త పార్ట్ కూడా కొనలేదు. ఎందుకంటే అక్కడ అన్నీ స్క్రూలే, జిగురు లేదు.

హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. అయినా జనతా లాంటి హెచ్‌ఎంటీ వాచీలు ఇవాళ్టికీ రిపేర్ చేయించుకుని కట్టుకునేవాళ్లున్నారు. మరి మన చేతికున్న స్మార్ట్‌వాచ్‌లో బ్యాటరీ పోతే? విప్పాలంటే వేడి చేసి జిగురు కరిగించాలి. విప్పాక వాటర్ ప్రూఫ్ మీద ఆశ వదులుకోవాల్సిందే చాలాసార్లు.

స్మార్ట్‌వాచ్ కూడా స్క్రూలతోనే ఉండాలని నేను అనట్లేదు. సన్నగా ఉండాలన్నా, నీళ్లు పోకూడదన్నా కొన్ని తప్పవు. కానీ ఆ సంగతి కొనేవాడికి ముందే తెలియాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లు, టాబ్లెట్ల లేబుల్ మీద రిపేర్ గ్రేడ్ కూడా ఇవ్వాల్సిందే. మన రివ్యూల్లో కెమెరాకి మార్కులు, గేమింగ్‌కి మార్కులు, రిపేర్‌కి మాత్రం కాలమే లేదు. కొనే ముందు మీరైనా అడగండి: బ్యాటరీ మార్చాలంటే ఏం విప్పాలి, ఎవరు విప్పగలరు, ఎంతవుతుంది?